నాలుగు నెలలు నడిచాను, రెండు కిలోలే తగ్గాను. తప్పు నాదేనా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. నాచారం వైపు ఒక కాలనీలో ఉంటాం. ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, బరువు 74 కిలోలు. షుగర్ బార్డర్‌లో ఉందని ఏడాది కిందట డాక్టర్ చెప్పారు. నాలుగు నెలలుగా రోజూ అరగంట నడుస్తున్నాను. తగ్గింది రెండు కిలోలే. మావారు చేతికి బ్యాండ్ కొనిచ్చారు. దాంట్లో పదివేల అడుగులు పడిన రోజు ఒక్కటీ లేదు. 'నీకు బద్ధకం, జిమ్‌లో చేరు' అంటారు. జిమ్ ఫీజు ఏడాదికి పద్దెనిమిది వేలు. మా గల్లీలో నడవడానికి చోటు లేదు. కాలనీ పార్కు ఉంది గానీ పొద్దున తొమ్మిదికి తాళం వేసి సాయంత్రం ఐదున్నరకు తీస్తారు. ఆ రెండు వేళల్లో నాకు వంటింట్లోంచి కదలడం కుదరదు. మా బాబుకు పన్నెండేళ్లు. స్కూల్ నుంచి వచ్చి ఫోన్ పట్టుకుంటే దించడు. కిందికెళ్లి ఆడుకోమంటే 'పార్కులో ఆటలాడొద్దని బోర్డు పెట్టారు కదా' అంటాడు. చీకటి పడ్డాక నడుద్దామని బయల్దేరితే మా అత్తమ్మ 'పొద్దుగూకినంక రోడ్ల మీద తిరుగుడేంది' అంటుంది. నిజంగా తప్పు నాదేనా? జిమ్‌లో చేరమంటారా? (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

సమాధానం: ముందు తప్పు సంగతి తేల్చేద్దాం. తప్పు మీది కాదు. ఓదార్పు కోసం అనడం లేదు, మీరు రాసిన లెక్కే ఆ మాట చెబుతోంది. రోజుకు అరగంట అంటే వారానికి 210 నిమిషాలు. పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మాదిరి శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మీరు ఆ గీత ఎప్పుడో దాటారు. 2022 నాటి అంచనాల ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మంది ఆ 150 నిమిషాలు కూడా కదలడం లేదు. ఆడవాళ్లలోనైతే 57 శాతం. నూరు మంది ఆడవాళ్లను వరసగా నిలబెడితే, కదిలే 43 మందిలో మీరున్నారు. మీవారు బద్ధకం అన్నప్పుడు ఈ అంకె చెప్పండి.

మరి బరువెందుకు తగ్గలేదు? నడక ఒక్కదానితో బరువు పెద్దగా తగ్గదు కాబట్టి. జిమ్ ప్రకటనల్లో ఈ మాట కనపడదు గానీ ఈ రంగంలో పనిచేసేవాళ్లకు తెలియనిది కాదు. మీ అంత బరువున్న మనిషి అరగంట కాస్త చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది 130, 150 కేలరీలు. మూలమీద హోటల్లో ఒక్క సమోసా తింటే 250 దాకా వచ్చిపడతాయి. పైగా ఒళ్లు తన లెక్క తాను సర్దుకుంటుంది. నడిచొచ్చాక ఆకలి కొంచెం ఎక్కువేస్తుంది, మధ్యాహ్నం ఇంకో పది నిమిషాలు నడుం వాల్చాలనిపిస్తుంది. తిండి మార్చకుండా నాలుగు నెలలు నడిచి రెండు కిలోలు తగ్గారంటే అది తక్కువేం కాదు.

కానీ మీ నడక ఫలితాన్ని చూడాల్సింది తూకం మిషన్ మీద కాదు. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం మీలాగే షుగర్ బార్డర్‌లో ఉన్న 531 మందితో ఒక పెద్ద అధ్యయనం చేసి 2006లో ఫలితాలు ప్రకటించింది. కొందరికి డాక్టర్లు అందరికీ చెప్పే మామూలు సలహా ఇచ్చి పంపారు. ఇంకొందరిని రోజూ కనీసం అరగంట నడిపించి, చక్కెర, నూనె, మైదా లాంటివి తగ్గించి పీచు ఎక్కువ తినేలా చూశారు. మూడేళ్లలో మామూలు సలహా వాళ్లలో 55 శాతం మందికి షుగర్ వచ్చేసింది. నడిచి, తిండి మార్చుకున్నవాళ్లలో 39 శాతానికే వచ్చింది. అసలు సంగతి ఏమిటంటే, ఆ రెండో బృందంలో బరువు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. అయినా షుగర్ మాత్రం ఆగింది. నేను చదివిన వందల కాగితాల్లో మీలాంటి ఆడవాళ్లకు మళ్లీ మళ్లీ చెప్పాలనిపించేది ఇదే.

ఈ విషయం మొదట బయటపడింది బస్సుల్లో అంటే మీరు నమ్మరేమో. లండన్‌లో డబుల్ డెక్కర్ బస్సుల డ్రైవర్లనూ కండక్టర్లనూ జెర్రీ మోరిస్ అనే డాక్టర్ పోల్చి చూశారు. ఒకే కంపెనీ, ఒకే బస్సు, ఇంచుమించు ఒకే జీతం. డ్రైవర్ రోజంతా సీట్లో కూర్చుంటాడు. కండక్టర్ టికెట్లు కొడుతూ రోజుకు ఐదారు వందల మెట్లు ఎక్కి దిగుతాడు. కండక్టర్లకు గుండెపోట్లు తక్కువని 1953లో తేలింది. డ్రైవర్లకు కుట్టించే యూనిఫాం ప్యాంట్ల నడుం కొలతలు పెద్దవని తర్వాత చూశారు. అయితే లావు వల్లే తేడా వచ్చిందేమోనని మళ్లీ లెక్క తీస్తే, బక్కపల్చని కండక్టర్‌కైనా బొద్దుగా ఉన్న కండక్టర్‌కైనా ఆ రక్షణ ఉంది. సికింద్రాబాద్ డబుల్ డెక్కర్‌లో పై అంతస్తుకు పరిగెత్తిన చిన్నతనం మీకూ ఉండి ఉంటుంది. ఆ మెట్లు గుర్తు తెచ్చుకోండి. గుండెను కాపాడింది అవే.

అందుకని తూకం మిషన్ నెలకోసారి చూస్తే చాలు. దర్జీ టేపు ఒకటి తెచ్చుకోండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైభాగానికీ సరిగ్గా మధ్యలో టేపు చుట్టి, ఊపిరి మామూలుగా వదిలాక చదవండి. పొట్ట లోపలికి లాగొద్దు, టేపు బిగించొద్దు. మన దేశపు ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, అంటే 31న్నర అంగుళాలు దాటితే జాగ్రత్త పడాలంటారు. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు. మీవారి నడుం కూడా అదే టేపుతో, అదే రోజు కొలవండి. మన ఒళ్లు కొవ్వును పొట్టలో దాచుకునే రకం కాబట్టే మనకు ఈ గీతలు కిందికి పెట్టారు. దాంతోపాటు గత మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష (హెచ్‌బీఏ1సీ) చేయించుకుని, ఏడాది కిందటి కాగితం పక్కన పెట్టి చూడండి. అంకె పెరగకుండా ఉన్నా మీ నడక పనిచేసినట్టే.

బ్యాండ్ సంగతి. పదివేల అడుగులన్నది ఏ డాక్టరూ పెట్టిన లెక్క కాదు. టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటి ఏడాది, 1965లో, జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్ముతూ దానికి 'మాన్‌పో-కే' అని పేరు పెట్టింది. పదివేల అడుగుల మీటర్ అని అర్థం. ఆ పేరే నియమంలా ప్రపంచమంతా పాకింది. 2019లో అమెరికాలో పెద్ద వయసు ఆడవాళ్ల మీద వచ్చిన అధ్యయనంలో, రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్లతో పోలిస్తే 4,400 వేసేవాళ్లలో మరణాలు 41 శాతం తక్కువ. లాభం 7,500 దగ్గర దాదాపు ఆగిపోయింది. మీ వయసు వాళ్లు ఇంకొంచెం ఎక్కువ నడిస్తే మంచిదే. కానీ ఏడు వేలు పడిన రోజు రాత్రి ఓడిపోయినట్టు పడుకోకండి.

ఇప్పుడు మీరు ఉత్తరంలో ఒక్క వాక్యంలో దాటేసిన విషయానికి వస్తాను. 'మా గల్లీలో నడవడానికి చోటు లేదు.' నా లెక్కలో మీ ఉత్తరం మొత్తానికి ముఖ్యమైన వాక్యం ఇదే.

మీకు దగ్గర్లోనే, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో 1987 నుంచి 1990 దాకా గర్భిణులకూ చిన్నపిల్లలకూ అదనపు తిండి పెట్టి ఒక అధ్యయనం చేశారు. అప్పటి దిగులంతా పిల్లలు తక్కువ బరువుతో పుడుతున్నారని. ఆ పిల్లలు పెద్దయ్యాక అదే పల్లెలకు పరిశోధకులు మళ్లీ వెళ్లి ఈసారి బీపీ, షుగర్, ఒంట్లో కొవ్వు కొలిచారు. ఒక్క తరంలో దిగులు ఆ కొస నుంచి ఈ కొసకు మారింది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ ఆడవాళ్లలో 30 శాతం, మగవాళ్లలో 32 శాతం మంది అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. ఇంతమందికి ఒకేసారి బద్ధకం పుట్టుకొచ్చిందా? పొలం పోయింది, నీళ్లు మోసే పని పోయింది, చౌరస్తా దాకా నడిచే దారి పోయింది, చేతికందే చోటికి చిప్స్ ప్యాకెట్ వచ్చింది. మనిషి గుణం మారలేదు, చుట్టూ ఊరు మారింది.

మీ గల్లీ నేను చూడలేదు, అలాంటివి చాలా చూశాను. గేటు దాటగానే ర్యాంపు రోడ్డు మీదికి మూడడుగులు చొచ్చుకొచ్చి ఉంటుంది. దాని పక్కన కవరు కప్పిన కారు, నెలల తరబడి కదలదు. కారు దాటడానికి రోడ్డు మధ్యకు రావాలి, అప్పుడే వెనక నుంచి వాటర్ ట్యాంకర్ హారన్. ఎడంపక్క ఇసుక కుప్ప, దాని మీద పడుకున్న నాలుగు కుక్కలు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఊపిరి బిగబట్టి నడుస్తాం. నాలా మీద ఒక స్లాబు లేచి ఉంటుంది, ఎవరో దాంట్లో చెట్టుకొమ్మ గుచ్చి హెచ్చరికగా పెట్టి ఉంటారు. అరగంట నడకలో మీ కళ్లు ఎప్పుడూ నేల మీదే. ఇలాంటి చోట నాలుగు నెలలు ఆపకుండా నడిచారంటే నాకు మీమీద గౌరవం కలిగింది.

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ దారి 2023లో తెరిచారు. బాగుంది, వాడేవాళ్లు సంతోషంగా వాడుకుంటున్నారు. కానీ నాచారంలో ఉన్న మీకు అది ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఆరోగ్యం కోసం డబ్బు పెట్టేటప్పుడు ఇంటి గేటు నుంచి పది నిమిషాల్లో నడిచి వెళ్లగలిగే చోటు ముందు చూడాలని నా పట్టుదల. మీకైతే ఆ చోటు ఇప్పటికే ఉంది. దానికి తాళం ఉంది, అంతే.

చెన్నైలో ఏషియాడ్ కాలనీ అని ఒకటుంది. డాక్టర్ మోహన్ బృందం అక్కడ షుగర్ గురించి సర్వే చేసి, నడవమని కాలనీవాళ్లకు చెప్పి వచ్చింది. ఎక్కడ నడవాలన్న ప్రశ్న వాళ్లకూ వచ్చింది. కాలనీవాళ్లే చందాలు వేసుకుని పార్కు కట్టుకున్నారు. సర్వే మొదట్లో వారానికి మూడు రోజులకు మించి వ్యాయామం చేసేవాళ్లు 14 శాతం. పార్కు వచ్చాక 58 శాతం దాటారు. నాలుగింతలు. ఒక్కొక్కరికీ జిమ్ కార్డు కొనిచ్చి ఇంత మార్పు తేగలమా అని నేను చాలాసార్లు ఆలోచించాను, తేలేం. మీరు కొత్తగా పార్కు కట్టక్కర్లేదు, వేళలు మార్పిస్తే చాలు.

నా అనుభవం ఒకటి చెబుతాను. పార్కులో ఏ వేళకు ఎవరున్నారు, ఆడా మగా, చిన్నా పెద్దా, కూర్చున్నారా నడుస్తున్నారా అని గంట గంటకు లెక్కపెట్టే పద్ధతి ఒకటుంది, పరిశోధకులు సోపార్క్ అంటారు. కొన్నేళ్ల కిందట ఒక కాలనీ పార్కులో, మూసి ఉండే వేళలో కూడా అనుమతి తీసుకుని ఆ లెక్క రాసుకుంటూ కూర్చున్నాను. పదకొండున్నరకు ఒకావిడ వచ్చింది. చేతిలో కూరగాయల సంచీ, కొత్తిమీర బయటికి వేలాడుతోంది. గేటు ఊచ పట్టుకుని, లోపల చింతచెట్టు కింద నీడను కాసేపు చూసింది. వాచ్‌మన్ చెయ్యి అడ్డంగా ఊపాడు. ఆవిడ సంచీ ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుని వెళ్లిపోయింది. నా కాగితం మీద ఆ గంట కింద 'ఆడవాళ్లు: 0' అని రాయాల్సి వచ్చింది. ఆ నెల మీటింగులో అదే సున్నా చూపించి, మధ్యాహ్నం ఎవరూ రారు కాబట్టి మూస్తున్నామని అన్నారు. నాకు ఇప్పటికీ బాధే. ఆ వేళలు పెట్టింది పొద్దున ఐదింటికి లేచి నడిచే రిటైరైన పెద్దమనుషులు. వాళ్లకు చెడు ఉద్దేశం లేదు. తమకు తీరిక దొరికే వేళే అందరికీ దొరుకుతుందనుకున్నారు.

అందుకే మీరు ఒక వారం లెక్క రాయండి. పొద్దున పది నుంచి పన్నెండు, మధ్యాహ్నం మూడు నుంచి ఐదున్నర. గేటు దాకా వచ్చి తిరిగి వెళ్లినవాళ్లను కూడా రాయాలి, నేను చేసిన పొరపాటు మీరు చేయొద్దు. మీ బాబు చేత గీతలు గీయించండి, ఐదైదు గీతల కట్టలుగా. పక్కనే పదిమంది ఇళ్లకు వెళ్లి 'ఈ వేళల్లో తెరిస్తే వస్తారా' అని అడిగి సంతకాలు తీసుకోండి. పనమ్మాయినీ, వాచ్‌మన్ భార్యనూ అడగడం మర్చిపోకండి. పార్కు వాళ్లది కూడా.

తర్వాత అసోసియేషన్ వాళ్లతో మాట్లాడండి. గొడవ వద్దు, ఒక్క నెల చూద్దామని అడగండి. 'తెరిచి పెడితే కుర్రాళ్లు వచ్చి తాగుతారు' అంటారు, తప్పకుండా అంటారు. ఆ భయం ఉత్తదేం కాదు. పట్టపగలు పదిమంది ఆడవాళ్లు, పిల్లలు తిరిగే చోట తాగేవాళ్లు కూర్చోరని చెప్పండి. మొదటి నెల రోజుకిద్దరు చొప్పున తాళం బాధ్యత మేమే తీసుకుంటామనండి. వినకపోతే ఇంకో దారుంది. అనుమతి ఉన్న లేఅవుట్‌లో పార్కుకు వదిలిన ఖాళీ స్థలం మున్సిపాలిటీకి రాసిస్తారు, అసోసియేషన్ దాన్ని చూసుకుంటుంది గానీ దానికి యజమాని కాదు. పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు కింద మీ లేఅవుట్ కాపీ, పార్కు ఎవరి పేరున ఉంది, వేళలు ఎవరు పెట్టారు అని అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ కాగితం, మీ వారం లెక్క, సంతకాలు కలిపి, సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇవ్వండి. అర్జీ నాలుగు వాక్యాలు చాలు: 'మా కాలనీ పార్కు రోజులో ఎనిమిదిన్నర గంటలు మూసి ఉంటోంది. ఆ వేళల్లో ఇంతమంది గేటు దాకా వచ్చి వెళ్లారు, లెక్క జతచేశాం. పది నుంచి పన్నెండు, మూడు నుంచి ఐదున్నర తెరవాలి. ఒక మూల పిల్లలు ఆడుకోవడానికి వదలాలి.'

రోడ్డు గురించి కూడా. నడిచేవాళ్లకు ఫుట్‌పాత్ అనేది జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మే నెలలో చెప్పింది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రకారం ఫుట్‌పాత్ మీద నడవడానికి కనీసం 1.8 మీటర్ల వెడల్పు అడ్డంకుల్లేకుండా ఉండాలి. మీ లోపలి గల్లీలో అంత వెడల్పు రాకపోవచ్చు. అక్కడ లేచిన నాలా స్లాబు ఫోటో తీసి ఫిర్యాదు చేయడం, కారు కవరాయన్ని మర్యాదగా అడగడం, ఇవి మాత్రం ఈ వారమే అయ్యే పనులు. మెయిన్ రోడ్డు ఫుట్‌పాత్ కోసం అడిగేటప్పుడు ఆ 1.8 అంకె రాయండి. అంకె ఉన్న అర్జీని పక్కన పెట్టడం కష్టం.

జిమ్‌కు ఆ పద్దెనిమిది వేలు ఇప్పుడే కట్టకండి. కండబలం మాత్రం కావాలి, వారానికి రెండు రోజులైనా. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోండి, కాస్త ఆగి మళ్లీ పదిసార్లు. గోడకు చేతులానించి పది తోపులు. రెండు లీటర్ల నీళ్ల సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని భుజాల దాకా ఎత్తడం. ఇల్లు తుడవడం, మెట్లెక్కడం కూడా లెక్కలోకి వస్తాయి, ఒకేసారి పది నిమిషాలు చేస్తేనే లెక్క అన్న పాత నియమం 2020లో తీసేశారు. రైతుబజారుకు ఆటోలో కాకుండా బస్సులో వెళ్లండి. జీరో టికెట్‌తో డబ్బు మిగులుతుంది, స్టాప్ దాకా నడకా కలిసొస్తుంది. రాత్రి భోజనమయ్యాక పది నిమిషాలు మేడ మీద తిరిగినా షుగర్‌కు మంచిది. తిండిలో ఒక్క మార్పు చెబుతాను: కంచంలో అన్నం మూడో వంతు తగ్గించి ఆ చోట పప్పు, కూర పెట్టుకోండి. మన దేశంలో కేలరీల్లో 62 శాతం బియ్యం, గోధుమ, చక్కెర లాంటి పిండి పదార్థాల నుంచే వస్తున్నాయి. నడిచేటప్పుడు ఛాతీలో పట్టినట్టు ఉన్నా, కళ్లు తిరిగినా మాత్రం ఆగి, డాక్టర్‌ను కలవండి.

బాబును ఫోన్ గురించి తిట్టకండి. ఆడుకోవద్దని బోర్డు పెట్టి, బంతి తగిలితే కారు యజమాని అరిచి, ట్యూషన్‌కు టైమవుతోందని మనం తొందరపెట్టాక వాడికి మిగిలింది ఆ ఫోనే. పిల్లలకు సగటున రోజుకు గంటసేపు ఒళ్లు అలిసే ఆట కావాలి. స్కూల్లో మీటింగ్‌కు వెళ్లినప్పుడు మార్కుల తర్వాత ఇంకొక్క ప్రశ్న అడగండి: 'పోయిన వారం గేమ్స్ పీరియడ్లు ఎన్ని జరిగాయి, ఎన్ని లెక్కల సార్ తీసుకున్నారు?' విద్యాహక్కు చట్టం షెడ్యూల్‌లో ఆటస్థలం కూడా ఉంది, అది అడిగి తీసుకోవాల్సిన దయ కాదు.

ఇక అత్తమ్మగారు. చీకటి రోడ్డు మీద ఆవిడ భయం నిజమైనదే, వీధిదీపం లేని గల్లీలో నేనూ అదే మాట అంటాను. పార్కు పగటిపూట తెరిస్తే ఆ వాదన దానంతటదే పోతుంది. ఆవిడ్నీ వెంట తీసుకెళ్లండి. 65 దాటినవాళ్లు వారానికి మూడు రోజులు తూలకుండా నిలబడే వ్యాయామాలు చేస్తే పడి తుంటి విరగ్గొట్టుకునే ప్రమాదం తగ్గుతుంది. కమ్మీ పట్టుకుని ఒంటికాలి మీద పది లెక్కపెట్టేదాకా నిలబడడం, మడమకు బొటనవేలు ఆనించి గీత మీద నడిచినట్టు పది అడుగులు వేయడం, మొదట్లో ఇవి చాలు. కానీ ఆ వయసులో ఒక చుట్టు తిరిగాక కూర్చోవాలి కదా. మీ పార్కులో నీడన బెంచీ ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే అర్జీలో ఐదో వాక్యంగా అదీ చేర్చండి, వీపు ఆనించుకోవడానికి వీలున్న బెంచీ అని స్పష్టంగా రాయండి.